పద్నాలుగో ప్రశ్న

హంద్రీ ఒడ్డున ఆ సందులో
ఈసారి నూట పన్నెండు గడపలు లెక్కకొచ్చాయి.
పోయిన ఉగాదికి నూట ముప్పై ఒకటి.
తేడా ఎక్కడికి పోయిందో రాయడానికి
నా ఫారంలో ఒక గడి ఉంది,
అరంగుళం వెడల్పు.

రెండువేల తొమ్మిది నీళ్ల చార
కర్నూలు పాతబస్తీ గోడల మీద ఇంకా అక్కడక్కడా ఉంది,
మనిషి ఎత్తుకు మూరెడు పైన.
చార కనిపిస్తే మనుషులున్న ఇల్లు.
చార మీద సున్నం పడిందంటే బేరానికొచ్చిన ఇల్లు.
ఇది నా సిద్ధాంతం కాదు.
పరుపులు కుట్టే దస్తగిరి చెప్పాడు,
కనుబొమ్మల మీద దూదిపోగులు ఊగుతుండగా.
నేను అతని పేరు రాయలేదు.
"పురుషుడు, 58, స్వయం ఉపాధి" అని రాశాను.

"హైకోర్టు వస్తాదనిరి మేడం.
సెంటు ధర లేచిపాయ.
కోర్టు రాల్యా.
ధర దిగల్యా."

అంతే. ఏకిన దూదిలా తేలిగ్గా అనేసి
మళ్లీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.
ఆ మాటకే నేను అప్పటికి
ఇరవై రెండు పేజీలు రాసి ఉన్నాను, పట్టికలు కాక.

మలుపులో సుంకులమ్మ ఉగ్గాని బండి ఉండేది.
బజ్జీతో కలిపి ఇరవై.
ఇప్పుడక్కడ అద్దాల తలుపు,
ఇత్తడి గిన్నెలో తొంభై రూపాయల ఉగ్గాని,
గోడంతా ఒక బొమ్మ: పొయ్యి ముందర గొంతుక్కూర్చున్న ఆడమనిషి.
నీ మాదిరే ఉందంట కదా అనడిగాను
బస్టాండు వెనక కొత్త తావులో బొరుగులు నానబెడుతున్న సుంకులమ్మని.
"సూసినా, అద్దంలోంచి.
ఎడంచేత్తో బజ్జీ తీస్తాండాది ఆ యమ్మ.
నేనెప్పుడన్నా అట్ల తీసినానా?"
ఆమెకు ఆ బొమ్మ మీదున్న ఫిర్యాదు అదొక్కటే.
ఆ ఫిర్యాదుకు నా ఫారంలో గడి లేదు.

పద్నాలుగో ప్రశ్న:
మీ ప్రాంతంలో వచ్చిన మార్పుతో మీరెంత తృప్తిగా ఉన్నారు?
ఒకటి నుంచి ఐదు దాకా.
దస్తగిరి భార్య హుసేనమ్మ
గిన్నెలు గోనెసంచిలో సర్దుతూ అడిగింది,
"ఐదంటే మంచిదా, చెడ్డదా?"
మంచిది.
"అట్లయితే ఐదే ఏసుకో తల్లీ,
పోయేటప్పుడు చెడ్డమాట యాల."

వేసుకున్నాను.
ఖాళీ చేస్తున్న ఇళ్లలో తృప్తి సగటు నాలుగున్నర.
యూనివర్సిటీలో ఈ అంకె చూపిస్తే
మా సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు,
ఎక్కడో తప్పుంది, మళ్లీ కొలవమన్నాడు.

అప్పుడే హుసేనమ్మ నన్నడిగింది,
నా దగ్గర నలభై ప్రశ్నలుంటే తన దగ్గర ఒకటి:
"నీకు బాడుగ ఎంతమ్మా?"

సందు చివర అపార్టుమెంటు, మూడో అంతస్తు నాది.
ముందు అక్కడ దూదేకే మిషనుండేదట,
రాత్రి పూట కూడా కొట్టుకునేదట.
పదకొండు వేలు, అన్నాను,
ఒక వెయ్యి తగ్గించి చెబుదామా అని
నాలుక దాకా వచ్చి ఆగింది.

ఆమె కోపపడలేదు.
మొగుడి వైపు తిరిగి లెక్క విప్పింది:
"ఆ యమ్మి పదకొండిస్తాంటే
ఓనరు మనకు నాలుక్కు యాలిస్తాడు?"
ధర వినగానే కూరగాయల బండిని ముందుకు పొమ్మన్నట్టు
చెయ్యి ఊపింది.

రాత్రి పడుకుంటే పరుపు మెత్తగా ఉంది.
దస్తగిరి కుట్టిందే, రెండు వేల రెండొందలు,
స్టూడెంటువని మూడొందలు తగ్గించాడు.
కిటికీలోంచి సందు కనిపిస్తుంది.
పరిశీలనకు అనువైన స్థలం
అని నా నోట్సు మొదటి పేజీలో రాసుకున్నాను,
నా చేతిరాతే.

పొద్దున ఆటోట్రాలీ వచ్చింది.
కుట్టుమిషను, రేకుపెట్టె, పందికొక్కులు కొరికిన దూదిమూట,
చివరగా నులకమంచం.
పరిశోధకులు జోక్యం చేసుకోరాదని
ఏ పుస్తకంలోనైనా ఉంటుంది.
"ఇంగొక కొస పట్టుకో మేడం" అన్నాడు.
పెన్ను పళ్ల మధ్య కరచుకొని పట్టుకున్నాను.
సందు మలుపులో, ఆ అద్దాల తలుపు ముందర,
వెనక్కి నడుస్తూ అన్నాడు దస్తగిరి,

"కొంచెం ఎత్తు.
నీ పక్క దిగిపోతాండాది."